బంగాళాఖాతంలో కురిసే వానకు లెక్క – యాడికి రైతుకు దాంతో ఏమి పని?

యాడికి:
ఆరుద్ర కార్తె వచ్చిందంటే యాడికి చుట్టుపక్కల పల్లెల్లో పనులన్నీ ఒక్కచోటికి వచ్చి ఆగిపోతాయి. దుక్కులు అయివుంటాయి. విత్తనపు బుడ్డలు ఒలిచి, పుచ్చులు ఏరి, మూటలు కట్టి నడవలో పెట్టి వుంటారు. గొర్రు కోసం ట్రాక్టరు వాడితో ముందే మాట్లాడుకుని వుంటారు. ఇక రావలసింది పదును వాన ఒక్కటే. పడమటి గాలి విసురుగా వీస్తూ వుంటుంది. మోడాలు గుంపులు గుంపులుగా నెత్తిమీదుగా తూర్పుకు పరుగెత్తిపోతూ వుంటాయి. చినుకు రాలదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వార్తల్లో ఒక మాట వినబడుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని, కోస్తాలో భారీ వర్షాలు కురుస్తాయని, రాయలసీమలో అక్కడక్కడ చెదురుమదురు జల్లులు పడవచ్చునని. ఈ 'చెదురుమదురు' అన్న మాట సీమవాసులకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. సముద్రంలో పడే వాన సముద్రానికే గదా, దాన్ని లెక్కపెట్టడానికి కోట్లు పోసి ఉపగ్రహాలు ఎందుకు పంపాలి, మనకు ఒరిగేదేమిటి అని రచ్చబండ దగ్గర అడిగేవారు వున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు కూడా వుంది. అయితే అది పూర్తిగా సంతోషపెట్టే జవాబు కాదు.

యాడికి నుంచి నేరుగా తూర్పుకు గీత గీస్తే బంగాళాఖాతం ఇంచుమించు 230 కిలోమీటర్లు. పడమటికి గీస్తే అరేబియా సముద్రం దాదాపు 400 కిలోమీటర్లు. రెండు సముద్రాలకు నడుమ వుండి రెండింటికీ కాకుండా పోయిన నేల ఇది. నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి మోసుకొచ్చిన తేమను పడమటి కనుమల మీదే కుమ్మరించి, కొండ దిగి వచ్చేసరికి వట్టి గాలిగా మిగులుతుంది. బంగాళాఖాతం మీది తేమలో ఎక్కువ భాగం ఒడిశా, బెంగాలు వైపు మళ్లుతుంది. ఈశాన్య రుతుపవనాల నాటి వాన నెల్లూరు తీరాన, ఆపైన వెలికొండల మీద సగం ఖర్చయ్యాక గాని ఇటు రాదు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 553 మిల్లీమీటర్లు. అందులో నైరుతి రుతుపవనాల వాటా 338. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో ఇంత తక్కువ వాన పడే జిల్లా ఇదేనని ఇక్కడ బడిపిల్లలు కూడా చెబుతారు.

ఒక మిల్లీమీటరు వాన ఒక ఎకరం మీద పడితే నాలుగు వేల లీటర్లకు పైగా నీళ్లు. వినడానికి ఎక్కువే. ఎండిన ఎర్రనేల దాన్ని తాగినట్టు కూడా కనిపించదు.

సముద్రంలో వానమాపకం ఎవరు పెడతారు?

నేల మీద పడ్డ వానను కొలవడానికి వర్షమాపకం వుంది. దాని మూతి జానెడు వెడల్పు కూడా వుండదు. ప్రపంచంలో వున్న వర్షమాపకాల మూతులన్నీ పక్కపక్కన పరిచినా ఒక ఫుట్‌బాలు మైదానంలో సగానికి మించవని 2017లో ఒక శాస్త్రజ్ఞుల బృందం లెక్కగట్టింది. ఆ కొద్దిపాటి డబ్బాలు కూడా నేల మీదే. సముద్రం మీద ఏముంటాయి? కొన్ని దీవులు, దారినపోయే ఓడలు. ఓడవాడు గాలివాన కనబడితే పక్కకు తప్పుకుని పోతాడే గాని, మధ్యలో నిలబడి ఎంత కురిసిందో కొలవడు. కనుక వానను గురించిన అసలు సంగతి ఎక్కడ వుందో అక్కడే మనిషికి చూపు లేకుండా పోయింది.

ఆ చూపు 1960 ఏప్రిల్ 1న మొదలైంది. ఆ రోజున అమెరికా ప్రయోగించిన టైరోస్-1 ఉపగ్రహం మేఘాలను పైనుంచి ఫొటో తీసి పంపింది. అంతకు ముందు మనిషి మేఘాన్ని ఎక్కువగా కిందినుంచే చూశాడు. మన దేశం 1979 జూన్ 7న రష్యన్ రాకెట్ మీద పంపిన భాస్కర-1లో 'సమీర్' అనే పరికరం వుండేది. సముద్రం మీది గాలిలో తేమ ఎంత వుందో అది మైక్రోవేవ్ తరంగాల ద్వారా కనిపెట్టేది. అదే ఏట 'మోనెక్స్' పేరిట అనేక దేశాల ఓడలు, విమానాలు అరేబియా సముద్రం, బంగాళాఖాతం మీద తిరిగి రుతుపవనాలను పరిశీలించాయి. 1982లో పంపిన ఇన్సాట్-1ఎ కొద్ది నెలలకే పనిచేయకుండా పోయింది. 1983 ఆగస్టు 30న చాలెంజర్ నౌక మీద వెళ్లిన ఇన్సాట్-1బి నిలిచింది. అప్పటినుంచి మన సముద్రాల మీది మేఘాలను మన ఉపగ్రహమే గుడ్లప్పగించి చూడడం మొదలైంది.

ఆ ఉపగ్రహం వల్ల కలిగిన మొదటి మేలు తుపానుల విషయంలో. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు దాదాపు పదివేల మంది చనిపోయారు. 1990 మేలో మచిలీపట్నం వద్ద తీరం దాటిన తుపాను కూడా సామాన్యమైనది కాదు. కాని అప్పటికి ఉపగ్రహపు కన్ను, దాని ద్వారానే పల్లెలకు చేరే హెచ్చరిక రెండూ వున్నాయి. లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవారు వెయ్యి లోపు. అయితే తుపాను ఎక్కడ వుందో చూడడం ఒకటి, ఎంత వాన కురుస్తున్నదో చెప్పడం మరొకటి. రెండో పని చాలా కష్టం.

నల్లబల్ల మీద సుద్దగీత

ఇన్సాట్ రకం ఉపగ్రహం భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తున, ఎప్పుడూ మన నెత్తిమీదే వున్నట్టు తిరుగుతుంది. రాత్రీపగలూ మేఘం పైకప్పు ఎంత చల్లగా వుందో చూస్తుంది. మేఘం ఎంత ఎత్తుకు పెరిగితే దాని తల అంత చల్లబడుతుంది. సున్నాకు దిగువన 38 డిగ్రీల కంటే చల్లగా వుంటే అది కురిసే మేఘమని, గంటకు 3 మిల్లీమీటర్ల చొప్పున కురుస్తున్నదని ఒక పాత లెక్క. సముద్రం మీద వారాలు, నెలల మొత్తం తీయడానికి ఆ లెక్క బాగానే పనికొచ్చింది. రోజువారీ లెక్కకు నమ్మరానిది. తల చల్లగా వున్న ప్రతి మేఘం కురవదు. కురిసే ప్రతి మేఘానికీ తల చల్లగా వుండదు. పడమటి కనుమల మీద కుండపోతగా కురిసే మేఘాలు చాలావరకు పొట్టివి. ఇన్సాట్ కంటికి అవి లెక్కలోకి రావు.

అందుకని శాస్త్రజ్ఞులు మైక్రోవేవ్ పద్ధతికి వచ్చారు. ప్రతి వస్తువూ కొద్దో గొప్పో ఆ తరంగాలను వెలువరిస్తూ వుంటుంది. సముద్రపు నీరు తక్కువగా వెలువరిస్తుంది కనుక ఆ పరికరానికి నల్లగా కనబడుతుంది. దానిమీద గాలిలో వున్న వాన చినుకులు ఎక్కువగా వెలువరించి తెల్లగా మెరుస్తాయి. నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసినట్టే. ఎన్ని చినుకులో, ఎంత లావుగా వున్నాయో కూడా అంచనా కట్టవచ్చు. మరి నేల సంగతి? పొడినేల తానే ఎక్కువగా వెలువరిస్తుంది. సున్నం కొట్టిన గోడమీద సుద్దతో రాసినట్టు, చినుకు కనబడదు. మేఘం పైభాగంలో మంచు ముక్కలు వుంటే వాటిని బట్టి ఊహించుకోవలసిందే. మనిషి కాలు మోపలేని నడిసముద్రంలో పడిన వాన బాగా తెలుస్తుంది. యాడికి చేలమీద పడిన వాన అంత బాగా తెలియదు. రైతు ఎదురుచూసింది దీనికి తలకిందులు!

1997 నవంబరు 27న జపాన్ నుంచి అమెరికా, జపాన్ కలిసి పంపిన ట్రిమ్ ఉపగ్రహంలో మరొకటి చేరింది: వానను కొలిచే రాడార్. బావిలోకి కేక వేసి ప్రతిధ్వనిని బట్టి లోతు చెప్పినట్టు, అది కిందికి తరంగం పంపి చినుకులకు తగిలి తిరిగొచ్చినదాన్ని వింటుంది. అంతరిక్షంలోకి వెళ్లిన తొలి వాన రాడార్ అదే. 2015 దాకా, అంటే 17 ఏళ్ల పాటు అది ఉష్ణమండలపు సముద్రాలను చూసింది. దాని తర్వాతిది 2014 ఫిబ్రవరిలో వెళ్లిన జి.పి.ఎం.

మన దేశం ఫ్రాన్సుతో కలిసి 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి మేఘా-ట్రోపిక్స్‌ను పంపింది. ఇలాంటి చాలా ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరిగితే, ఇది భూమధ్యరేఖకు అటూ ఇటూ వుండే ప్రాంతాలనే చుడుతూ ఒకే చోటును రోజులో అనేకసార్లు చూసేలా ఏర్పాటు చేశారు. వానను చూసే ముఖ్య పరికరం 2013లోనే మూగబోయింది. మిగిలిన పరికరాలు చాలా ఏళ్లు తేమ లెక్కలు పంపాయి. 2023 మార్చి 7న దాన్ని జాగ్రత్తగా దించి పసిఫిక్ మహాసముద్రం మీద కాల్చివేశారు. సముద్రం మీది మేఘాన్ని చూడడానికి పుట్టినది సముద్రంలోనే కలిసింది.

సముద్రానికీ వానలేని మూల

ఈ ఉపగ్రహాలన్నీ చూసి చెప్పిన సంగతుల్లో ఒకటి సీమవారికి కొంత ఊరట కలిగిస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో బంగాళాఖాతం అంతటా వాన ఒకేలా పడదు. బ్రహ్మాండంగా కురిసేది తూర్పున, బర్మా తీరాన వున్న కొండలకు ఇవతల, ఇంకా ఉత్తరపు కొసన. శ్రీలంక, తమిళనాడు తీరాలకు దగ్గరగా వున్న నైరుతి మూల మాత్రం వెలవెలబోతూ వుంటుంది. అంటే సముద్రంలో కూడా ఒక అనంతపురం వుంది!

రెండో సంగతి నీటి వేడి. సులోచనా గాడ్గిల్, ఆమె సహచరులు ఉపగ్రహాల మేఘచిత్రాలను, సముద్రపు నీటి ఉష్ణోగ్రతలను పక్కపక్కన పెట్టి చూసి 1984లో ఒక విషయం ప్రకటించారు. పైనీరు 28 డిగ్రీలు దాటనిచోట పెద్ద మేఘాలు లేవడం అరుదు. దాటినచోట లేవవచ్చు, లేవకపోవచ్చు. పొయ్యి వేడెక్కితే గాని అన్నం వుడకదు, పొయ్యి వేడెక్కినంత మాత్రాన అన్నం వుండదు గదా. బంగాళాఖాతం ఆ కాలమంతా చాలావరకు 28కి పైనే వుంటుంది. 1999 జూలై, ఆగస్టు నెలల్లో సాగర్ కన్య, సాగర్‌ధ్వని అనే ఓడలు బంగాళాఖాతంలో నిలిచి కొలిచినప్పుడు కారణం తేటపడింది. గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిపోసిన మంచినీరు, వాననీరు ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలుతుంది. బరువైన ఉప్పునీరు కింద, తేలికైన మంచినీరు పైన. ఆ పొర ఎండకు తొందరగా కాగుతుంది. గాలివానకు కాస్త చల్లబడ్డా కొద్ది రోజుల్లోనే తిరిగి వేడెక్కి మరో మేఘానికి సిద్ధమవుతుంది. వాన పడ్డచోటే మళ్లీ వాన పడే ఏర్పాటు అన్నమాట. కలిగినవాడికే కలిమి చేరినట్టు.

మూడోది ఎవరైనా తల ఎత్తి చూడవచ్చు. జూలై నెలలో యాడికిలో కింది మోడాలు పడమటి నుంచి తూర్పుకు పరుగెత్తుతాయి. వాటి సందుల్లోంచి చూస్తే, ఎంతో ఎత్తున ఏకిన దూదిలాంటి పలచని తెల్లమబ్బు ఎదురుదిశగా, తూర్పు నుంచి పడమటికి సాగుతూ వుంటుంది. ఆ ఎత్తున రుతుపవనాల కాలంలో తూర్పుగాలి ప్రవాహంలా వీస్తుంది. బంగాళాఖాతం మీద కురిసిన పెద్ద మేఘాల తలలనుంచి రేగిన పొర అలా కొట్టుకువచ్చి సీమమీద పరుచుకుంటుంది. పాలు పొంగినచోట పాలు పోయి, నురగ మాత్రం మన ఇంటికి వచ్చినట్టు. టీవీలో చూపే ఉపగ్రహ చిత్రంలో అనంతపురం మీద తెల్లగా కనబడి కూడా చినుకు పడని రోజులకు చాలాసార్లు ఈ నురగే కారణం.

మేఘపట్టీ ప్రయాణం

అసలు యాడికి రైతుకు పనికివచ్చే సంగతి 1980 నాటిది. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన డి.ఆర్. సిక్కా, బెంగుళూరులో అందరూ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే భారత విజ్ఞాన సంస్థకు చెందిన సులోచనా గాడ్గిల్ ఇద్దరూ 1973 నుంచి 1977 దాకా ఐదేళ్ల ఉపగ్రహ చిత్రాలను, ఏప్రిల్ మొదలు అక్టోబరు వరకు, రోజుకొకటి చొప్పున పరిశీలించారు. వారికి కనిపించినది ఇది. హిందూ మహాసముద్రం మీద, భూమధ్యరేఖకు దగ్గరలో తూర్పు పడమరలుగా ఒక మేఘపట్టీ ఏర్పడుతుంది. అది అక్కడే వుండిపోదు. మెల్లగా ఉత్తరానికి జరుగుతూ, దక్షిణ భారతం మీదుగా గంగామైదానం దాకా వెళుతుంది. అక్కడ కొంతకాలం నిలిచి కురిసి నీరసిస్తుంది. సముద్రం మీదినుంచి మరో పట్టీ వచ్చి ఊపిరి పోస్తే తప్ప అది నెలకు మించి నిలవలేదు. ఒక పట్టీకి, ఇంకొక పట్టీకి మధ్య ఎడం రెండు వారాలు కావచ్చు, ఆరు వారాలు కావచ్చు.

యాడికి ఈ దారి పక్కన వున్న ఊరు. పట్టీ నెత్తిమీదుగా పోయేటప్పుడు ముంగారు వాన పడుతుంది. అది ఉత్తరానికి పోయి కుదురుకున్నాక ఇక్కడ బెట్ట. మొదటి పట్టీ తెచ్చిన పదునుకు బుడ్డలు విత్తుకుంటారు. ఎడం రెండు వారాలయితే పైరు బతుకుతుంది. ఆరు వారాలయితే పూత దశలో ఆకులు ముడుచుకుని, విత్తనం ఖర్చు మట్టిపాలవుతుంది. విత్తనాలు, ఎరువులు, ట్రాక్టరు బాడుగ అన్నీ అప్పుగా తెచ్చినవాడికి రెండు వారాలకు, ఆరు వారాలకు వున్న తేడా ఏమిటో చెప్పనక్కరలేదు. పంట పోయిన ఏట ఊళ్లో ఎన్ని ఇళ్లకు తాళాలు పడతాయో, బెంగుళూరు బస్సుల్లో ఎవరెవరు కనబడతారో అందరికీ తెలిసినదే.

సముద్రం మీద వాన ఎక్కడ పడుతున్నదో రోజూ చూడడం వల్ల రైతుకు వున్న ప్రయోజనం ఇక్కడ వుంది. భూమధ్యరేఖ వద్ద మరో పట్టీ లేస్తున్నదా, లేచినది కదులుతున్నదా లేక అక్కడే చచ్చిపోతున్నదా అన్నది కనబడితే, రెండు మూడు వారాల ముందు సంగతి కొంత చెప్పవచ్చు. ఎంత అన్నది కాదు, ఎప్పుడన్నది.

ఆరుద్ర నుంచి ఆశ్లేష దాకా

చిత్రమేమంటే, మేఘపట్టీని చూసిన ఆ సులోచనా గాడ్గిలే తర్వాత అనంతపురం ప్రాంతపు వేరుశనగ చేలకు వచ్చారు. కొర్ర, సజ్జ, జొన్న వెనక్కుపోయి చేలన్నీ బుడ్డల మయమైన కాలం అది. ఆమె, శేషగిరిరావు మొదలైనవారు రైతులతో కూర్చుని, వారు అడిగే ప్రశ్నలనే తీసుకుని, ఈ ప్రాంతపు పాత వానలెక్కలను కంప్యూటరుకు ఇచ్చారు. ఏయే సంవత్సరం ఏ తేదీన విత్తి వుంటే పంట ఎంత వచ్చి వుండేదో గణితం ద్వారా పండించి చూశారు. 2002లో ప్రచురించిన ఆ పరిశోధనలో తేలినదేమంటే, పంట పూర్తిగా పోయే ప్రమాదం తక్కువగా వుండే అదను జూన్ 22 నుంచి ఆగస్టు 17 వరకు. రైతులు అప్పటికే విత్తుతున్న అదను కూడా అదే.

పంచాంగం తీసి చూడండి. ఆరుద్ర కార్తె ప్రవేశించేది జూన్ 22 ప్రాంతంలో. ఆశ్లేష ముగిసి మఖ వచ్చేది ఆగస్టు 17 ప్రాంతంలో. ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష. నాలుగు కార్తెలు. కంప్యూటరు వేసిన గీత సరిగ్గా వాటి అంచుల మీదనే పడింది.

కాని ఎనిమిది వారాల అదనులో ఏ వానకు విత్తాలన్నది మిగిలేవుంది. ముందే పదునైతే విత్తక ఆగడం ఎవరివల్లా కాదు. మళ్లీ పదును వస్తుందన్న నమ్మకం ఏది? అయితే జూలై నడిమిలో విత్తిన పైరుకు ఊడలు దిగి కాయ ఊరే రోజులు సెప్టెంబరులో పడతాయి. ఈ జిల్లాలో వాన దండిగా కురిసే కాలం సెప్టెంబరు, అక్టోబరు నెలలే. ఆగే ధైర్యం రైతుకు రావాలంటే ముందున్న పట్టీ సంగతి ఎవరైనా గట్టిగా చెప్పాలి. ఉపగ్రహ పరిశోధన నుంచి ఇక్కడి చేనుకు రావలసిన బాకీ అదే.

ఒక్క చుక్కకు నాలుగు వేల ఎకరాలు

ఆ బాకీ ఎంతవరకు తీరింది? 2013లో ఇన్సాట్-3డి, 2016లో 3డిఆర్, 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి 3డిఎస్ వెళ్లాయి. ఒక్కొక్కటి అరగంటకు ఒక చిత్రం పంపేలా తయారైనవి. 2019లో వచ్చిన మేఘదూత్ యాప్ ద్వారా వ్యవసాయ సూచనలు తెలుగులోనే ఫోనుకు వస్తాయి. తుపాను దారి, అల్పపీడనం బలం విషయంలో ఇప్పుడు చెబుతున్నది చాలావరకు జరుగుతున్నది. నల్లరేగడిలో పప్పుశనగ విత్తేవారు అక్టోబరు, నవంబరు నెలల్లో నెల్లూరు, చెన్నై వైపు వచ్చే వాయుగుండాల వార్త విని విత్తనం సిద్ధం చేసుకుంటున్నారు.

చేనుమీద వాన సంగతి వేరు. ఇన్సాట్-3డి రకం ఉపగ్రహం మేఘపు చల్లదనాన్ని చూసే చిత్రంలో ఒక్కొక్క చుక్క నాలుగు కిలోమీటర్ల పొడవు, నాలుగు కిలోమీటర్ల వెడల్పు. అంటే దాదాపు నాలుగు వేల ఎకరాలు. జి.పి.ఎం. మొదలైన ఉపగ్రహాలన్నీ కలిపి తయారుచేసే వాన పటంలో ఒక గడి ముప్పై వేల ఎకరాలు. సీమలో వాన ఎద్దుకొమ్ము తడిపి రెండో కొమ్ము తడపని వాన. ఊరికి ఈశాన్యాన దంచి కొట్టి, నైరుతి పొలాల్లో దుమ్ము కూడా అణగని రోజులు ఎన్నో. ఒక గడిలో పడిన వానను సగటు తీస్తే ఎండినవాడి పేరుమీద కూడా కొంత వాన జమ అవుతుంది. వర్షపాతం లెక్కను బట్టి బీమా పరిహారం నిర్ణయించేచోట ఈ సగటు రైతు నోటిదగ్గర కూడు తీసేయగలదు. మండల కేంద్రంలో వున్న ఒక్క వర్షమాపకంతో లెక్క కట్టినా జరిగేది అదే. ఊరూరా వర్షమాపకం పెట్టాలని రైతులు అడగడంలో అర్థం వుంది. ఆకాశం నుంచి చూసే లెక్క కూడా చివరికి నేలమీది వర్షమాపకాలతో సరిచూసుకుని దిద్దుకునేదే. డబ్బాలు ఎంత తక్కువైతే ఆ దిద్దుబాటు అంత బలహీనం.

యాడికి దగ్గర కోనలో రామలింగేశ్వరుని గుడి వద్ద మంచి ఎండల్లో కూడా నీటిధార ఆరదు. కోనుప్పలపాడు వద్ద సున్నపురాతిని నీరే తొలిచి గుహలు చేసింది. ఈ నేలలోకి కూడా ఎంతో వాన ఇంకిందనడానికి అవి సాక్ష్యం. ప్రస్తుతం రైతు చూస్తున్నది మాత్రం అంత దూరపు సంగతి కాదు. వర్షమాపకంలో నీటిని కొలిచేది ఉదయం 8-30 గంటలకు. రాత్రి నాలుగు చినుకులు పడితే చాలు, ఆ వేళకు పొలం గట్టున ఎవరో ఒకరు చేతిలో పారతో వుంటారు. జానెడు లోతు తవ్వి, మట్టి పిడికిట బిగించి చూస్తారు. ముద్ద నిలిస్తే ట్రాక్టరు వాడికి ఫోను వెళుతుంది. విడిపోతే పార భుజాన వేసుకుని, ఇంకోసారి తూర్పు వైపు చూసి ఇంటిదారి పడతారు.